పైపులో మిగిలిన ఇల్లు

నిజాంపేటలో ఒక అపార్ట్‌మెంట్, నాలుగో అంతస్తు. తలుపు తీసింది ఒక పెద్దావిడ. లోపలి గదిలో బాలింత, ఇరవై రోజుల పసిబిడ్డ ఉన్నారు. హాల్లో సోఫా, దాని ముందు పరిచిన ఉన్ని కార్పెట్ కడగాలని బుక్ చేశారు. మా కుర్రాడొకడు ఆ రోజు సెలవు పెట్టడంతో ఇంకో కుర్రాణ్ణి వెంటబెట్టుకుని నేనే వెళ్ళాను. చెప్పులు బయట విప్పాం. ఆవిడ చెంబుతో నీళ్ళు తెచ్చి, "కాళ్ళు కడుక్కుని రండి నాయనా, బాలింత ఉంది" అంది. కడుక్కున్నాం. చేతులకి సబ్బు ఇచ్చింది. అదీ అయింది. మిషన్‌ని గడప దాటించబోతుంటే ఆపింది. "మరి దీని కాళ్ళో? ఇందాక ఎవరింట్లోంచి తెచ్చారు దీన్ని?"

పొద్దున ప్రగతి నగర్‌లో ఒక ఇల్లు చేసి వచ్చాం. రెండు కుక్కలున్న ఇల్లు. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. "ఒక్క నిమిషం అమ్మా" అని కారిడార్‌లోనే మురికినీళ్ళ ట్యాంకు మూత తీశాను. అడుగున రెండు గ్లాసుల నల్లటి నీళ్ళు, వాటి మీద ముద్దకట్టిన వెంట్రుకలు. పైపు చివర పట్టుకుని ఎత్తితే ఇంకో అర గ్లాసు కారింది. వాసన ఆవిడ దాకా వెళ్ళింది. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. బాత్రూమ్ చూపించి, "కడిగి తీసుకురండి, నేనేం తొందరపెట్టను" అంది.

నలభై నిమిషాలు పట్టింది. తర్వాతి స్లాట్ మియాపూర్‌లో. వాళ్ళు మూడుసార్లు ఫోన్ చేసి, నాలుగోసారి రద్దు చేసుకున్నారు. ఆ రోజు ఒక ఇంటి డబ్బు పోయింది. అయినా ఆ సాయంత్రం నన్ను బాధపెట్టింది డబ్బు కాదు. అప్పటికి నేను ఈ పనిలోకి వచ్చి ఐదేళ్ళు. ఆ ఐదేళ్ళలో ఎన్ని బాలింతల ఇళ్ళకి వెళ్ళి ఉంటాం? ఎన్ని ఇళ్ళలో ఎవరూ అడగలేదు కాబట్టి మేం మూత తీయలేదు?

ఇప్పుడు తొమ్మిదేళ్ళయింది. కూకట్‌పల్లిలో ఒక షెడ్డు, మూడు మిషన్లు, ఆరుగురు కుర్రాళ్ళు. సోఫాలు, కార్పెట్లు, పరుపులు కడుగుతాం. ఈ వ్యాపారంలో ఉన్న వాళ్ళతో కూర్చున్నప్పుడల్లా ఒకే విషయం మీద వాదిస్తాను, ఇక్కడా అదే రాస్తున్నాను. మిషన్ కడగడానికి పట్టే ఆ నలభై నిమిషాలు పనిలో భాగం. అది కుర్రాడి ఓపికకి, నిజాయితీకి వదిలేసే విషయం కాదు. దానికి జీతం కట్టాలి, స్లాట్‌లో చోటివ్వాలి, బిల్లులో లెక్కగట్టాలి. ఈ మూడూ చేయకుండా "శానిటైజ్ చేసిన పరికరాలతో మీ ఇంటికి" అని కరపత్రంలో వేసుకుంటే అది అబద్ధం. నేనూ వేసుకున్నాను కాబట్టే ఇంత గట్టిగా అంటున్నాను.

మా మిషన్ ఎప్పుడూ దగ్గరగా చూడని వాళ్ళ కోసం కొంచెం చెబుతాను. దాంట్లో రెండు ట్యాంకులుంటాయి. ఒక దాంట్లో మంచినీళ్ళు, షాంపూ. చిన్న పంపు ఆ నీళ్ళని నాజిల్ నుంచి ఒత్తిడితో గుడ్డలోకి కొడుతుంది. బ్రష్‌తో రుద్దాక, అదే నాజిల్ పక్క సందులోంచి మోటారు ఆ తడిని, మురికిని వెనక్కి లాగి రెండో ట్యాంకులో పోస్తుంది. అంటే మీ సోఫాలో ఐదేళ్ళుగా చేరిన చెమట, చర్మపు పొట్టు, పిల్లలు ఒలకబోసిన పాలు, కుక్క మూత్రం, అన్నీ ఒక పైపు గుండా వెళతాయి. ఆ పైపు లోపలి గోడ నున్నగా ఉండదు, వంగడానికి వీలుగా మడతలు మడతలుగా ఉంటుంది. ఒక్కో మడతలో ఒక్కో చుక్క నిలుస్తుంది. ట్యాంకు నిండితే మోటారులోకి నీళ్ళు పోకుండా ఆపే ఒక తేలే బంతి ఉంటుంది మూత కింద. దాని చుట్టూ ఉండే పంజరంలో వెంట్రుకలు, నురగ, జిడ్డు పేరుకుంటాయి. ట్యాంకు కడిగే కుర్రాడు అడుగు కడుగుతాడు గానీ మూత తిరగేసి చూడడు. చూడమని ఎవరూ చెప్పలేదు కదా.

ఇంకో సంగతి, మోటారు లాగిన గాలి ఎక్కడికో పోదు. ఆ ట్యాంకు మీదుగా వెళ్ళి వెనక నుంచి మళ్ళీ మీ హాల్లోకే వస్తుంది. సోఫా కడిగించాక ఇంట్లో రెండు రోజులు ముక్కవాసన వచ్చిందని కస్టమర్లు అంటే మేం వెంటనే "సోఫా సరిగా ఆరలేదు మేడమ్, ఫ్యాన్ వేయండి" అంటాం. సగం సార్లు అది నిజమే. మిగతా సగం ఆ వాసన మేం తెచ్చిందే.

ఆరడం గురించి మేం కస్టమర్లకి చాలా పాఠాలు చెబుతాం. తడిసిన కార్పెట్, గుడ్డ 24 నుంచి 48 గంటల్లో ఆరకపోతే బూజు పడుతుంది. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెప్పేదీ అదే. కిటికీలు తెరవండి, ఏసీ వేయండి అని చెప్పి బయటికొస్తాం. కిందికి వచ్చి మా తడి పైపుని చుట్టచుట్టి, మూత బిగించి, ఆటోలో పడేసేవాళ్ళం. అది రాత్రంతా అలాగే ఉండేది. మీ బాత్రూమ్ మూలల్లో, బకెట్ అడుగున గులాబీ రంగు జిగురు కనబడుతుందే, సాధారణంగా సెరేషియా అనే బాక్టీరియా పెంచేది, అలాంటి జిగురే మంచినీళ్ళ ట్యాంకులో కూడా పడుతుంది. నిన్నటి షాంపూ నీళ్ళు మిగిలాయి కదా అని ఇవాళ వాటిలోనే ఇంకొన్ని కలిపి నింపితే, మురికి ట్యాంకు కంటే ముందు శుభ్రమైనదనుకున్న ట్యాంకే పాడవుతుంది. ఆ జిగురు మీద మందు పోసినా పైపైనే పని చేస్తుంది. బ్రష్ పట్టి గీకితేనే వదులుతుంది.

ఇక నల్లుల సంగతి.

2019లో అమీర్‌పేట దగ్గర ఒక పీజీ హాస్టల్‌లో పరుపులు కడిగాం. పద్దెనిమిది పరుపులు. కుట్ల దగ్గర నల్ల చుక్కలు చూశాం. నల్లులున్న చోట వాటి రెట్ట అలా సిరా చుక్కల్లా కనబడుతుందని అప్పటికి నాకు తెలియదు, తుప్పు మరకలనుకున్నాను. మర్నాడు అదే మిషన్, అదే బ్రష్‌లు, అవే మోకాళ్ళ కింద వేసుకునే ప్యాడ్‌లు బాచుపల్లిలో ఒక ఇంటికి వెళ్ళాయి. నెల తిరక్కముందే ఆ ఇంటాయన ఫోన్ చేశాడు. పిల్లల వీపు నిండా దద్దుర్లు, సోఫా కుట్లలో నల్లులు. "అన్నా, మీరొచ్చి వెళ్ళాకే" అన్నాడు. మేమే తెచ్చామని నేను కోర్టులో రుజువు చేయలేను, ఆయనా చేయలేడు. కానీ నల్లి గుడ్డు ఒక మిల్లీమీటరు ఉంటుంది, జిగురుతో అంటుకుని ఉంటుంది, మన వాతావరణంలో వారం పది రోజుల్లో పిల్ల అవుతుంది. లెక్క సరిపోయింది. పెస్ట్ కంట్రోల్ ఖర్చు నేనే కట్టాను. ఆయన తీసుకున్నాడు గానీ మళ్ళీ మమ్మల్ని పిలవలేదు. ఆ ఇంటి ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా నాకు ఆ పిల్లల వీపులే గుర్తొస్తాయి.

దానికి ముందు నేను మిషన్ మీద శానిటైజర్ కొట్టించేవాణ్ణి. అందరూ కొట్టేదే, చేతులకి రాసుకునే ఆల్కహాల్, లేదా సువాసన వచ్చే ఫినాయిల్ లాంటిది. అది పైపు లోపలి మడతల్లోకి వెళ్ళదు. కంటికి కనపడని సందులో దాక్కున్న నల్లికి, గుడ్డుకి తగలదు. నల్లికి కావాల్సింది వేడి. 48 డిగ్రీల్లో పెద్ద నల్లులు 20 నిమిషాల్లో చస్తాయి, గుడ్లకి గంటన్నర పడుతుంది. మరిగే నీళ్ళయితే తగిలిన క్షణంలో పోతాయి. కాబట్టి ఇప్పుడు బ్రష్‌లు, నాజిళ్ళు మరిగే నీళ్ళలో వేస్తాం. పైపు ప్లాస్టిక్ అంత వేడికి వంకర తిరుగుతుంది, దానికి స్టీమర్ ఆవిరి బయటి నుంచి కొద్దికొద్దిగా పట్టించి, లోపలికి చెయ్యి పట్టేంత వేడి నీళ్ళు లాగిస్తాం. నల్లులు కనబడిన ఇంట్లో అయితే అసలు పని మొదలుపెట్టం, ముందు పెస్ట్ కంట్రోల్ చేయించుకోమంటాం. హాస్టళ్ళు ఏవైనా ఉంటే ఆ రోజుకి చివరి పని అవే.

శానిటైజ్ అనే మాటని కోవిడ్ కాలం బాగా చెడగొట్టింది. అప్పుడు మేమంతా భుజాన పంపు తగిలించుకుని పొగలా మందు కొట్టాం. ఇంట్లో వాళ్ళు ఫోటోలు తీసి గ్రూపుల్లో పెట్టుకున్నారు. గదుల్లో అలా స్ప్రే చేయడం, పొగ పెట్టడం మంచిది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మే నెలలోనే చెప్పింది. మురికి ఉన్న చోట మందు ఆ మురికితోనే ఖర్చయిపోతుంది, సూక్ష్మజీవి దాకా చేరదు. ముందు కడగాలి, తర్వాతే మందు. కానీ కడగడం ఎవరికీ కనబడదు. పొగ కనబడుతుంది, వాసన వస్తుంది, చేసినట్టుంటుంది. పైన పటారం, లోన లొటారం.

మందు పోశాక కాసేపు ఆగాలి కూడా. ఇది మా ఊళ్ళో చిన్నప్పుడు చూసిన పనే. వానాకాలం మొదట్లో పంచాయతీ మనిషి వచ్చి బావిలో బ్లీచింగ్ పౌడర్ కలిపేవాడు. కలిపి, "గంట దాకా ఎవరూ తోడొద్దు" అని గట్టున కూర్చునేవాడు. చేద పట్టుకుని వచ్చిన ఆడవాళ్ళు ఎంత విసుక్కున్నా కదిలేవాడు కాదు. ఆ గంట ఎందుకో నాకు ఇప్పుడు అర్థమైంది. మేం వాడే మందు డబ్బా మీద కూడా పది నిమిషాలు తడిగా ఉంచాలని ఉంటుంది. స్ప్రే చేసి వెంటనే గుడ్డతో తుడిస్తే, మనం తుడిచింది మందునే. హైదరాబాద్‌లో ఇంకో చిక్కుంది. చాలా అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్ళు, ట్యాంకర్ నీళ్ళు. ఉప్పదనం, గట్టిదనం ఎక్కువ. క్వాట్స్ అని పిలిచే మామూలు క్రిమిసంహారకాలు గట్టి నీళ్ళలో బలం తగ్గిపోతాయి. సబ్బు నురగ రానట్టే ఇదీ. అందుకని మందు కలిపే నీళ్ళు మాత్రం మేం ఫిల్టర్ నీళ్ళే షెడ్డు నుంచి తీసుకెళతాం, ఐదు లీటర్ల క్యాన్‌లో.

బ్లీచ్ వాడొచ్చు కదా అంటారు. వాడతాం, కొన్నిచోట్ల అదే కావాలి. కుక్కపిల్లలకి వచ్చే పార్వో వైరస్ ఉంది. లోకానికి ఇది 1978లో తెలిసింది. నెలల తరబడి, కొన్నిసార్లు ఏడాది దాకా బయట బతికుంటుంది. క్వాట్స్‌ని నమ్ముకుంటే అది చావదు, బ్లీచ్‌కి చస్తుంది. పార్వోతో కుక్కపిల్ల చనిపోయిన ఇంటి వాళ్ళు, ఇంకో పిల్లని తెచ్చుకునే ముందు సోఫా కడిగించుకుంటారు. మా నోట్‌బుక్‌లో అలాంటి ఇళ్ళు మూడున్నాయి. ఆ మిషన్ తర్వాత వెళ్ళే ఇంట్లో ఇంకో కుక్కపిల్ల ఉంటే? బ్లీచ్ అంటే హైపోక్లోరైట్ ద్రావణమే, 5 శాతం ఉన్నది లీటరు నీళ్ళకి 20 మిల్లీలీటర్లు కలిపితే 0.1 శాతం అవుతుంది. మామూలుగా మేం ట్యాంకుకి వాడే మోతాదు అది. పార్వో ఇల్లయితే ఇంకా చిక్కగా, లీటరుకి 35 మిల్లీలీటర్ల దాకా కలుపుతాం. తర్వాత రెండుసార్లు మంచినీళ్ళతో జాడించాలి. జాడించకుండా వెళ్ళి ఉన్ని కార్పెట్ మీద పెడితే ఆ ఉన్ని పసుపెక్కి పాడవుతుంది. ఏలూరు తివాచీ ఉన్న ఇంట్లో ఆ తప్పు చేస్తే మా నెల సంపాదన దానికి చాలదు.

బ్లీచ్‌తో ఒక ప్రమాదం కూడా చూశాను, దాచకుండా చెప్పాలి. మా కుర్రాడొకడు కస్టమర్ బాత్రూమ్‌లో ట్యాంకులో బ్లీచ్ పోసి పెట్టాడు. వాసన పోవడానికని అక్కడే ఉన్న టాయిలెట్ యాసిడ్ కొంచెం కలిపాడు. క్లోరిన్ వాయువు వచ్చింది. తలుపు వేసి ఉంది. దగ్గుతూ, కళ్ళు మండుతూ బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. సాయంత్రానికి తేరుకున్నాడు. తప్పు వాడిది కాదు. "కడుగు" అని నేను చెప్పాను, "దేనితో, ఎలా, ఎక్కడ" అని చెప్పలేదు. శిక్షణ అనేది నా దగ్గర అప్పటికి ఒక పూట పని చూపించడమే. ఇప్పుడు బ్లీచ్ మా షెడ్డులో తప్ప కస్టమర్ ఇంట్లో తెరవరు. ఇంకే మందుతోనూ కలపరు.

మురికి మిషన్ గురించి మాట్లాడేటప్పుడు అందరూ తర్వాతి ఇంటి గురించే ఆలోచిస్తారు. ఆ రెండు ఇళ్ళ మధ్య ఒక మనిషి ఉన్నాడు. ట్యాంకులో చెయ్యి పెట్టేది వాడు. కొండాపూర్‌లో పర్షియన్ పిల్లులున్న ఒక ఇంట్లో మూడు గంటలు పని చేసిన మా కుర్రాడికి పది రోజులకి మోచెయ్యి కింద గుండ్రంగా తామర లేచింది. డాక్టర్ చూసి అడిగిన మొదటి మాట, "ఇంట్లో పిల్లి ఉందా?" వాడింట్లో పిల్లి లేదు. పిల్లి బొచ్చుతో, దుమ్ముతో వచ్చే ఆ ఫంగస్ బీజాలు ఏడాదికి పైగా కూడా నిలుస్తాయని అప్పుడే విన్నాం. దానికి తోడు మన దేశంలో కొన్నేళ్ళుగా తామర మొండికేసింది. మామూలు మాత్రలకి లొంగని రకం ఒకటి బాగా వ్యాపించి, 2020లో దానికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు కూడా పెట్టారు. అది మనిషి నుంచి మనిషికి, తువ్వాళ్ళు, బట్టల ద్వారా అంటుకునేది. ఒకే మైక్రోఫైబర్ గుడ్డతో నాలుగిళ్ళు తుడిచి, అదే గుడ్డతో మొహం తుడుచుకునే కుర్రాళ్ళని నేను చూశాను. నా దగ్గరే చూశాను. గ్లౌజులు కొన్నాను, గుడ్డలు ఇంటికి ఆరు చొప్పున విడి కవర్లలో పెట్టి పంపుతున్నాను. కానీ టైమ్ ఇవ్వకుండా గ్లౌజులిస్తే తొడుక్కోరు. పరిగెత్తే మనిషి చేతికి గ్లౌజు అడ్డమే.

గేటెడ్ కమ్యూనిటీల్లో మా వాళ్ళని సర్వీస్ లిఫ్ట్‌లో వెళ్ళమంటారు. మంచినీళ్ళు అడిగితే విడిగా ప్లాస్టిక్ గ్లాసులో ఇస్తారు. బాత్రూమ్ వాడుకోవద్దంటారు. శుభ్రత కోసమే అంటారు. మనిషిని అంత జాగ్రత్తగా దూరం పెట్టేవాళ్ళు, పక్క ఫ్లాట్ సోఫాలోంచి లాగిన నీళ్ళున్న మిషన్‌ని మాత్రం ఒక్క ప్రశ్న అడక్కుండా హాల్లోకి రానిస్తారు. మురికి మనిషిలో ఉందని నమ్మడం మనకి ఎంత అలవాటైపోయిందో దీన్నిబట్టే తెలుస్తుంది. నిజాంపేట పెద్దావిడ నాకు గుర్తుండిపోయింది అందుకే. ఆవిడ కాళ్ళు కడుక్కోమంది, కానీ మిషన్‌నీ అడిగింది. మాకు బాత్రూమ్ ఇచ్చింది, తొందరపెట్టలేదు, వెళ్ళేటప్పుడు టీ ఇచ్చింది.

తోటి వ్యాపారులు నాతో వాదిస్తారు. వాళ్ళ మాటలో న్యాయం లేదని నేననను. "ఇది ఆసుపత్రి కాదు కదన్నా, ఇల్లే కదా" అంటారు. నిజమే, సోఫా కడిగించుకున్న ప్రతి ఇంట్లోనూ ఎవరూ మంచాన పడరు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఇంకో ఇంటి దుమ్ము పెద్దగా ఏమీ చేయదు. భయపెట్టి అమ్ముకునే వాళ్ళంటే నాకూ గిట్టదు. 1982లో అమెరికాలో చిన్నపిల్లలకి వచ్చే కవాసాకీ జబ్బుకీ కార్పెట్ షాంపూకీ సంబంధం ఉందేమోనని ఒక అధ్యయనం వచ్చింది. తర్వాతి అధ్యయనాలు కొన్ని ఔనన్నాయి, కొన్ని కాదన్నాయి. ఆ జబ్బుకి అసలు కారణం ఇప్పటికీ తేలలేదు. అలాంటి వాటిని చూపించి నేనెవర్నీ బెదిరించను. నల్లులు, తామర, పార్వో, ముక్కవాసన, ఇవి చాలు. పైగా మనం వెళ్ళే ఇంట్లో కీమోథెరపీ తీసుకుంటున్న మనిషి ఉన్నాడో, ఆస్తమా పిల్ల ఉందో మనకి చెప్పరు. చాలామంది అలాంటి వాళ్ళు ఉన్నారనే సోఫా కడిగించుకుంటారు. ఈ ముక్క మీదే మా వాదనలు ఎక్కువ సేపు సాగుతాయి. శుభ్రం ఎక్కువ అవసరమైన ఇల్లే మనకి ముందుగా ఫోన్ చేస్తుంది.

రెండో మాట, "కస్టమర్ అడగట్లేదు, డబ్బివ్వడు." దీనికి నా దగ్గర జవాబుంది. 1990లలో మా ఊళ్ళో సెలూన్‌లో ఒకే కత్తి. పటిక ముక్క రుద్ది, డెటాల్ నీళ్ళలో ముంచి, తర్వాతి గడ్డానికి వెళ్ళేది. ఎయిడ్స్ భయం మొదలయ్యాక జనం కుర్చీలో కూర్చోగానే "కొత్త బ్లేడు వెయ్యి" అనడం మొదలుపెట్టారు. మొదట్లో మొహమాటపడ్డారు. తెలిసిన మంగలిని, చిన్నప్పటి నుంచి చేసినవాణ్ణి ఎలా అడుగుతాం అని. అయినా అడిగారు. కొన్నాళ్ళకి అడగాల్సిన పని లేకుండా, మన కళ్ళ ముందే కాగితం విప్పి, బ్లేడు సగానికి విరిచి పెట్టడం అలవాటైంది. ఆ బ్లేడు ఖర్చు గడ్డం రేటులో కలిసిపోయింది. ఇవాళ ఎవరైనా "కొత్త బ్లేడుకి వేరే డబ్బివ్వండి" అంటే మనం లేచి వెళ్ళిపోతాం. మా పనిలో మిషన్ కడగడం అలా రేటులో కలిసిపోవాలని నా కోరిక. అది "ప్రీమియం ప్యాకేజీ"లో దొరికే వస్తువుగా ఉండకూడదు. మామూలు ప్యాకేజీ తీసుకున్న ఇంటికి పక్కింటి మురికి పంపుతామా?

నా లెక్క చెబుతాను. ఒక టీమ్ రోజుకి ఐదిళ్ళు చేసేది. ఇప్పుడు నాలుగు. పోయిన ఒక్క ఇంటి డబ్బు నాలుగిళ్ళ మీద పంచితే ఇంటికి సుమారు 250 రూపాయలు పెంచాల్సి వచ్చింది. మందు, గుడ్డల ఉతుకుడు, గ్లౌజులు కలిపి ఇంకో 60. మొదటి నాలుగు నెలలు బుకింగ్‌లు బాగా పడిపోయాయి. టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు, మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టాం. తర్వాత నిలదొక్కుకుంది. పోయిన వాళ్ళు పోగా, మిగిలిన వాళ్ళు పక్క ఫ్లాట్‌కి చెప్పారు. మాకంటే చిన్నవాళ్ళకి, ఒకే మిషన్‌తో బండి మీద తిరిగే వాళ్ళకి ఇది ఇంకా కష్టమని తెలుసు. రెండు గంటల స్లాట్‌లో మూడు సీట్ల సోఫా, కార్పెట్, ప్రయాణం అన్నీ కుక్కి, ఐదు నిమిషాలు ఆలస్యమైతే రేటింగ్ తగ్గించే పద్ధతిలో పనిచేసే కుర్రాణ్ణి "మిషన్ ఎందుకు కడగలేదు" అని నిలదీయడం అన్యాయం. వాడికి ఎక్కడ కడుక్కోమంటాం? రోడ్డు పక్క వాననీళ్ళ కాలువలోనా? ఆ నీళ్ళు పోయాల్సింది బాత్రూమ్ డ్రైనేజీలోకే, అదీ వెంట్రుకలు జల్లెడతో తీశాక. అంటే ఆ బాత్రూమ్ కస్టమర్ ఇవ్వాలి, ఆ టైమ్ బుకింగ్ తీసుకునేవాడు ఇవ్వాలి. వేసవిలో ట్యాంకర్ నీళ్ళు కొనుక్కునే అపార్ట్‌మెంట్లో రెండు బకెట్లు మిషన్‌కి పోస్తుంటే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది, కాదనను. కానీ ఆ మురికి ఆ ఇంటిదే. దాన్ని కడగాల్సిన నీళ్ళూ ఆ ఇంటివే.

అందుకే మేం కడగడం తర్వాతి ఇంటికి వెళ్ళాక కాకుండా, ఉన్న ఇంట్లోంచి బయల్దేరే ముందే చేస్తాం. సోఫా పని అయ్యాక మురికినీళ్ళు పారబోసి, సబ్బు కలిపిన వేడినీళ్ళు ఒక బకెట్ పైపు గుండా లాగిస్తాం. నాజిల్ విప్పి వెంట్రుకలు తీస్తాం. మూత తిరగేసి బంతి పంజరం బ్రష్‌తో రుద్దుతాం. మందు పోసి పది నిమిషాలు. అప్పుడు చక్రాలు, వైరు, హ్యాండిల్ తుడుస్తాం. జాడించాక పైపు చివర గాల్లో పెట్టి మోటారు ఉత్తినే పది నిమిషాలు నడుపుతాం, లోపలి తడంతా లాగేస్తుంది. ఈ చివరి పది నిమిషాలు కస్టమర్లకి అన్నిటికంటే విసుగు. చప్పుడు తప్ప ఏమీ జరుగుతున్నట్టు ఉండదు. కానీ అన్నిట్లోకీ విలువైనవి అవే, తడి లేని చోట ఏదీ పెరగదు. రాత్రి షెడ్డులో మూడు మిషన్ల మూతలూ తెరిచే ఉంటాయి, పైపులు గోడకి నిలువుగా వేలాడతాయి.

మీరు ఎవరినైనా పిలిపించుకుంటే, మొహమాటపడకుండా మూత తీసి చూపించమనండి. పైపు చివర ముక్కు దగ్గర పెట్టుకోండి. ఇందాకటి ఇల్లు ఎలాంటిదో అడగండి. ఇంట్లో పసిబిడ్డ ఉంటే, కీమో జరుగుతుంటే బుక్ చేసేటప్పుడే చెప్పి మొదటి స్లాట్ అడగండి. మీ ఇంట్లో నల్లులున్నా, తామర ఉన్నా, కుక్కకి జబ్బు చేసినా అదీ చెప్పండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, మా తర్వాతి ఇంటికి అది అవసరం. కుర్రాడు మిషన్ కడుగుతున్నప్పుడు గడియారం చూడకండి. ఇంకా ఏం చేస్తున్నావని అనకండి, వాడు పనిలోనే ఉన్నాడు.

మా కుర్రాళ్ళకి ఇప్పుడు ఒక మాట అలవాటైంది. తర్వాతి ఇంటి నుంచి ఫోన్ వస్తే, "ఇంకో పది నిమిషాలు మేడమ్, మిషన్ ఆరుతోంది" అంటారు. ఎందుకని అడిగిన వాళ్ళకి చెబుతారు. కొందరు సరేనంటారు. గత నెలలో ముగ్గురు రద్దు చేసుకున్నారు.